1930 ఫోర్డుతో లింకన్ హైవే మీద

బుధవారం, హెర్షీ

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హెర్షీ అనగానే ఎవరికైనా చాక్లెట్లే గుర్తొస్తాయి. పాత కార్ల పిచ్చి పట్టినవాళ్లకు మాత్రం అక్టోబరు సంత గుర్తొస్తుంది. యాంటీక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా 1955లో మొదలుపెట్టిన మేళా ఇది. ఎకరాల కొద్దీ పార్కింగ్ స్థలంలో వరసలు వరసలుగా అంగళ్లు. తుప్పు పట్టిన రేడియేటర్లు, కార్బ్యురేటర్లు, హెడ్‌లైట్ రిమ్ములు, ఏ బండివో అమ్మేవాడికే తెలియని గేర్లు. ఒకాయన ఒట్టి తలుపు పిడులే అమ్ముతున్నాడు, అదే జీవితమన్నట్టు.

నేనూ మా బావా పొద్దున్నే దిగాం. బావ అంటే మేనమామ కొడుకు. మెషిన్ షాపులో పని. ఇనుము కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఇద్దరం వెతుకుతున్నది ఒకటే: రెండో ప్రపంచయుద్ధానికి ముందుది, ఇంతవరకు ఎవరూ రీస్టోర్ చెయ్యని ఫోర్డు. కొన్నాక దాన్ని ఏం చెయ్యాలన్న దగ్గరే మాకు పడలేదు. ఉన్నదున్నట్టు నడపాలని నాకు. వేగం కోసం మార్చేసి హాట్‌రాడ్ చెయ్యాలని బావకు. పైకప్పు స్తంభాలు కోసి కిందికి దించాలట, నాలుగు సిలిండర్ల ఇంజిన్ పీకేసి ఎనిమిది సిలిండర్ల వీ8 పెట్టాలట.

"డబ్బు నీది, పని నాది. నా మాట కూడా చెల్లాలి కదా బావా" అన్నాడు.

ఆ మాటలోనూ న్యాయం లేకపోలేదు. ఫోర్డు కంపెనీ 1927 చివర్లో మొదలుపెట్టి 1932 తొలి రోజుల దాకా దాదాపు 48 లక్షల మోడల్ ఏ కార్లు చేసింది. తర్వాత అవే పాతబడి చవగ్గా దొరికితే, కాలిఫోర్నియా కుర్రాళ్లు ఫెండర్లు, అంటే మడ్‌గార్డులు ఊడదీసి, ఎండిపోయిన సరస్సుల మీద పందేలు వేశారు. ఆ పందేలు నడిపే సంఘం 1937లోనే పుట్టింది. అంటే బండిని మార్చుకోవడం కూడా దానితో పాటే వచ్చిన పాత అలవాటు. ఇప్పటి చెడ్డ బుద్ధి అని కొట్టిపారెయ్యలేం.

అమ్మకానికి పెట్టిన కార్ల వైపు వెళ్తే అన్నీ మెరుపులే. నాకు ఆ మెరుపు చూస్తేనే అనుమానం. కొత్త రంగు కింద ఇనుముందో పుట్టీ ఉందో పైకి తెలియదు. బావ గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకొచ్చాడు. ఒక అందమైన కూపే తలుపు అడుగున దాన్ని ఆనిస్తే అంటుకోలేదు, జారి కింద పడింది. అమ్మేవాడు మమ్మల్ని చూసి నవ్వాడు, మేమూ నవ్వి ముందుకు కదిలాం.

రీస్టోర్ చెయ్యని బండిలో ఉన్న సుఖం ఇదే. అది దేన్నీ దాచదు. ఈ క్లబ్బువాళ్లే అసలు రూపం చెడకుండా మిగిలిన కార్లకు వేరే కేటగిరీ పెట్టి గుర్తింపు ఇస్తున్నారు. వాటిలో రంగు పోయినవీ, సీట్లు చిరిగినవీ ఉన్నాయి. వాటి చుట్టూ మూగిన జనం మెరిసే కార్ల దగ్గర కంటే ఎక్కువ సేపు నిలబడటం గమనించాను.

మధ్యాహ్నం రేడియేటర్లు అమ్మే పెద్దాయన ఒకరు మా వాలకం చూసి, తనకు తెలిసిన రైతు దగ్గర ఒక టూడర్ ఉందని చీటీ రాసిచ్చాడు. టూడర్ అంటే రెండు తలుపుల సెడాన్. సంతకు తీసుకురాలేదట.

గురువారం, బిగ్లర్‌విల్

హెర్షీకి నైరుతి దిక్కున, గెటిస్‌బర్గ్‌కు దగ్గర్లో ఉన్న ఊరు. చుట్టూ ఆపిల్ తోటలు. కోతల కాలం కాబట్టి రోడ్ల నిండా చెక్క డబ్బాలు మోసే ట్రాక్టర్లు. మేం వెతుకుతున్న ఇంటి పెద్దమనిషి మమ్మల్ని తిన్నగా కొట్టంలోకి తీసుకెళ్లాడు. కారు వాళ్ల నాన్నదట. నాన్న పోయాక కూడా నెలకోసారి తోట చుట్టూ తిప్పి మళ్లీ లోపల పెడుతున్నాడు. ఈ ఒక్క మాటతో నాకు సగం టెన్షన్ తగ్గింది. దశాబ్దాలు కదలని ఇంజిన్ అయితే, పైకి ఎంత బాగున్నా ట్రెయిలర్ మీద తెచ్చుకుని మొత్తం విప్పాల్సిందే.

1930 మోడల్ ఏ టూడర్. ఒంటి రంగు ఒకప్పుడు ముదురు నీలం. ఫెండర్లు నల్లవి. ఫోర్డు ఆ రోజుల్లో ఒంటికి లాకర్ అనే పెయింటు కొట్టి, ఫెండర్లకు మాత్రం నల్ల ఎనామెల్ వేసి కాల్చేది. అందుకే ఫెండర్ల మీద ఇంకా నిగనిగ ఉంది, ఒళ్లు మాత్రం వెలిసిపోయింది. డ్రైవరు తలుపు పైఅంచున మోచెయ్యి ఆనే చోట రంగు పోయి, దాని కింది ప్రైమరూ పోయి, జానెడు మేర ఇనుము అరిగి వెండిలా నున్నగా ఉంది. క్లచ్ పెడల్ ఎడమ అంచు పల్చబడింది. తొక్కిన మనిషి కాలు ఎప్పుడూ కాస్త పక్కకే పడేదన్నమాట. ఇవన్నీ ఏ షాపులోనూ చేయించలేం. రంగు వేస్తే పోతాయి.

నేను ఇవి చూస్తుంటే బావ కారు కిందికి దూరాడు. చూడాల్సినవి తెలిసిన మనిషి. ఒంటిని ఛాసిస్ మీద మోసే ఇనుప పట్టీలు గట్టిగా ఉన్నాయా, అద్దానికి ముందుండే కౌల్ అడుగుభాగాన్ని తుప్పు తినేసిందా, తలుపుల కింది మడతలో తుప్పుందా? ఒక తలుపు కింద మాత్రం వేలు పట్టేంత చిల్లు ఉంది. పైకప్పు మధ్యలో ఇనుము ఉండదు. చెక్క పట్టీలు, వాటి మీద దూది, ఆ పైన నల్ల గుడ్డ. లోపలి నుంచి నొక్కి చూస్తే ఒక మూల చెక్క మెత్తగా ఉంది. వెనక సీటు దూదిలో ఎలుకలు కాపురం చేసి వెళ్లాయి.

తర్వాత కాగితాలు. మోడల్ ఏకి ఇంజిన్ నంబరే బండి నంబరు. బ్లాకు ఎడమ పక్కన చదునైన గద్దె మీద కొడతారు, ఆ నంబరే టైటిల్ మీదా, అంటే యాజమాన్య పత్రం మీదా ఉండాలి. అదే నంబరు ఛాసిస్ ఎడమ పట్టీ పైన కూడా కొట్టి ఉంటుంది కానీ, ఒంటిని పైకి లేపితే తప్ప కనపడదు. మధ్యలో ఎవరైనా ఇంజిన్ మార్చి ఉంటే టైటిల్‌తో కలవదు. ఎన్ని మంచి బేరాలో ఇక్కడే ఆగిపోతాయి. 1930లో తయారైన ఇంజిన్లకు 27 లక్షల పైనుంచి 42 లక్షలు దాటేదాకా నంబర్లు పడ్డాయి. మాది 33 లక్షల చిల్లర. గుడ్డతో మట్టి తుడిచి, టార్చి వేసి, టైటిల్ పక్కన పెట్టి ఒక్కో అంకె చదివాను. కలిసింది. అంకెల అచ్చులు కూడా ఒకే తీరుగా ఉన్నాయి.

ఇక స్టార్టు చెయ్యడం. ముందు డ్యాష్‌బోర్డు కింద పెట్రోల్ కుళాయి తిప్పాలి. పెట్రోల్ ట్యాంకు అద్దానికి ముందు, మన మోకాళ్లకు పైనే ఉంటుంది. పంపు లేదు, పెట్రోల్ తన బరువుతోనే కార్బ్యురేటర్‌లోకి దిగుతుంది. స్టీరింగుకు ఎడమ పక్క మీట స్పార్కుది, కుడి పక్కది పెట్రోల్‌ది. స్పార్కు మీట పూర్తిగా పైకి పెట్టాలి. అది మరిచిపోతే ఇంజిన్ ఎదురు తన్ని స్టార్టరు విరగొచ్చు. కుడిచేత్తో చోక్ కడ్డీ లాగి, కాలితో నేల మీది బటన్ నొక్కితే రెండు తిప్పులకే అందుకుంది. స్పార్కు మీట కిందికి లాగగానే ఇంజిన్ స్వరం సర్దుకుంది.

బాగా వేడెక్కాక బావ అసలు పరీక్ష మొదలుపెట్టాడు. ఈ ఇంజిన్‌లో బేరింగులు విడిగా మార్చుకునే ముక్కలు కావు, బాబిట్ అనే మెత్తని లోహాన్ని కరిగించి పోసినవి. అరిగితే మళ్లీ పోయించాలి, అది తెలిసినవాళ్లు తక్కువ, ఖర్చు ఎక్కువ. స్పార్కును పంచే డిస్ట్రిబ్యూటర్ నుంచి ప్లగ్గులకు వైర్ల బదులు పల్చని లోహపు పట్టీలు ఉంటాయి. బావ చెక్క పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్‌తో ఒక్కో ప్లగ్గునూ ఇంజిన్ తలకు ఆనించి ఆ సిలిండర్ మంట ఆపేశాడు. బేరింగు వదులైతే ఆ సిలిండర్ ఆగినప్పుడు టక్కుటక్కు మని కొట్టుకునే చప్పుడు తగ్గుతుంది. నాలుగూ అయ్యాయి. చప్పుడు ఎక్కడా మారలేదు, ఎందుకంటే అసలు టక్కు లేదు.

ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే, చక్రం పక్కకు తిరిగే కీలు లాంటి కింగ్ పిన్ వదులుగా ఉంది. స్టీరింగు రెండు అంగుళాలు తిప్పేదాకా చక్రాలకు ఆ కబురు అందదు. రేడియేటర్ ఒక చోట చెమరుస్తోంది. టైర్లకు పగుళ్లు. ఈ నాలుగూ చెప్పి బేరం ఆడాను. పెద్దమనిషి కాసేపు కొట్టం గుమ్మంలో నిలబడి, చివరికి ఒకటే అడిగాడు: "నడుపుతారా, కోస్తారా?" నేను బావ వైపు చూడకుండా "నడుపుతాం సార్" అన్నాను.

శుక్రవారం

కాగితాల రోజు. పెన్సిల్వేనియాలో టైటిల్ మీద అమ్మేవాళ్ల సంతకానికి నోటరీ కావాలి. ఆ పనీ, తాత్కాలిక ప్లేటూ, ఇన్సూరెన్సూ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. బావ మళ్లీ హెర్షీ వెళ్లి 19 అంగుళాల టైర్లు, ట్యూబులు పట్టుకొచ్చాడు. పాత పెట్రోల్ దించేశాం, వార్నిష్ కంపు కొట్టింది. నూనె మార్చాం. గ్రీజు గన్ పట్టుకుని మూలమూలకూ తిరిగాను. బ్రేకు కడ్డీలు బావ సరిచేశాడు. ఈ కారులో బ్రేకు నూనె లేదు, పైపులు లేవు. కాలి బలం కడ్డీల మీదుగా తిన్నగా నాలుగు చక్రాలకూ వెళ్తుంది.

శనివారం, గెటిస్‌బర్గ్ నుంచి బెడ్‌ఫర్డ్

ఖాళీ ట్రెయిలర్ తగిలించుకున్న పికప్‌లో బావ వెనక. ముందు నేను. హైవే 30 పట్టుకున్నాం. ఇది పాత లింకన్ హైవే: న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా కార్ల కోసం 1913లో తలపెట్టిన దారి. 1919లో అమెరికా సైన్యం ట్రక్కుల బారు ఇదే దారిన పడమటికి వెళ్లింది, అందులో కుర్ర అధికారిగా ఐసెన్‌హోవర్ ఉన్నాడు. నాకు ఈ దారి ఎంచుకోవడానికి చరిత్ర ఒక్కటే కారణం కాదు. 40 హార్స్‌పవర్ కారుకు గంటకు 40, 45 మైళ్లే హాయి. టర్న్‌పైక్ అనే టోల్ హైవే ఎక్కితే వెనక వచ్చే లారీలకు అడ్డం పడటం తప్ప ఏమీ ఉండదు.

చాంబర్స్‌బర్గ్ దాకా సుఖంగానే సాగింది. గేర్లు మూడు. ఒక్కోటి మార్చినప్పుడల్లా క్లచ్ రెండుసార్లు తొక్కాలి, ఎందుకంటే వేగాలు కలిపే సింక్రోమెష్ ఇందులో లేదు. పై గేరుకు వెళ్లడం తొందరగానే ఒంటబట్టింది. కిందికి దిగడమే కష్టం: క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, ఇంజిన్ వేగం కొంచెం పెంచి, మళ్లీ తొక్కి గేరు నెట్టాలి. వేగం కుదరకపోతే గేరుపెట్టె గట్టిగానే తిడుతుంది.

ఫోర్ట్ లౌడన్ దాటగానే టస్కరోరా కొండ మొదలైంది, సన్నగా వాన కూడా. పైకి 2,100 అడుగుల పైచిలుకు. రెండో గేరులో పెట్రోల్ మీట పూర్తిగా దించి ఎక్కుతుంటే వైపరు ఆగిపోయింది. పాడవలేదు. ఇంజిన్ పీల్చే గాలితో తిరిగే వైపరు అది. బరువు లాగేటప్పుడు ఆ పీల్పు తగ్గిపోతుంది, అంటే చూపు అవసరమైన చోటే అద్దం మసక. చెయ్యి బయటపెట్టి గుడ్డతో తుడుచుకుంటూ, నడిచే మనిషి కంటే కాస్త వేగంగా శిఖరం చేరాను. వెనక బావ నాలుగు లైట్లూ వెలిగించుకుని వస్తున్నాడు. ఈ కారుకు వెనక ఎడమ పక్కన ఒకటే లైటు, ఇండికేటర్లు అసలే లేవు.

ఎక్కడం తేలిక, దిగడమే అసలు సంగతి. మెకానెల్స్‌బర్గ్ వైపు వాలు నిటారు, మలుపులు. శిఖరం మీదే ఆగి, రెండో గేరు వేసుకుని మొదలుపెట్టాను. వాలులో ఉండగా గేరు మార్చబోయి అది పడకపోతే న్యూట్రల్‌లో బ్రేకులే దిక్కు. సగం దారిలో ఆ బ్రేకుల సంగతీ తెలిసింది. మొదట పెడల్ గట్టిగా ఉంది. తర్వాత తొక్కినకొద్దీ లోపలికి పోతోంది, కారు కుడికి లాగుతోంది. పల్చని రేకు డ్రమ్ములు వేడెక్కి సాగుతాయి, అప్పుడు లోపలి బ్రేకు షూలకు పట్టు దొరకదు. పక్కన ఖాళీ జాగా కనపడగానే ఆపాను. చక్రాల దగ్గర కాలిన వాసన. బావ దిగొచ్చి ఒక్కో డ్రమ్ము దగ్గరా అరచెయ్యి పెట్టి చూసి, "వీ8 పెడితే ఎలా ఉండేది బావా?" అని తనే అడిగి, తనే తల అడ్డంగా ఊపాడు. రెట్టింపు బలాన్ని ఈ బ్రేకుల మీద ఆపడం ఎవరి వల్ల అవుతుంది?

అరగంట చల్లార్చుకుని, మొదటి గేరులో కిందికి దిగాం. తర్వాత సైడ్‌లింగ్ కొండ, బ్రీజ్‌వుడ్. మామూలుగా సిగ్నళ్లే ఉండని ఇంటర్‌స్టేట్ 70 హైవే మీద వచ్చేవాళ్లు కూడా ఆగాల్సిన ట్రాఫిక్ సిగ్నళ్లున్న విచిత్రమైన చోటు. ఎర్ర లైటు దగ్గర పక్క లారీ డ్రైవరు కిటికీ దించి "ఏ సంవత్సరం?" అని అరిచాడు. చెప్పేలోపే పచ్చ లైటు పడింది.

సాయంత్రానికి బెడ్‌ఫర్డ్. అక్కడ 1927లో కట్టిన 18 అడుగుల కాఫీ కూజా ఆకారం కట్టడం ఉంది. ఒకప్పుడు ప్రయాణికులకు టిఫిన్ పెట్టిన కొట్టు. ఊళ్లో 1933 నాటి గల్ఫ్ పెట్రోల్ బంకు, మెరుగు పెట్టిన టెర్రాకోటా పలకల ముస్తాబుతో ఇంకా నిలబడి ఉంది. దాని ముందు కారు ఆపితే అక్కడివాళ్లు ఫోటోలు తీసుకున్నారు. రేడియేటర్‌లో నీళ్లు పోశాను. నిండా పోస్తే ఎక్కువైనవి పైపులోంచి బయటికి తోసేస్తుంది, అదేం కారడం కాదు. కానీ మాది నిజంగా కూడా కారుతోంది.

ఆదివారం, పెన్ హిల్స్

ఆకాశం తేటపడింది. షెల్స్‌బర్గ్ దాటాక బాల్డ్ నాబ్ శిఖరం, 2,900 అడుగుల పైన. ఈ కొండ మీద ఒకప్పుడు ఓడ ఆకారంలో హోటల్ ఉండేది. అక్కణ్ణుంచి మూడు రాష్ట్రాలు, ఏడు కౌంటీలు కనిపిస్తాయని గోడ మీద రాసుకున్నారు. 2001లో కాలిపోయింది. కారు ఆపి చూస్తే చెట్లు, లోయ, రోడ్డు పక్క కాస్త చదును. నిన్నటి భయం వల్లేమో, ప్రతి శిఖరం మీదా ముందే గేరు దించుకుని వెళ్లాను. లారెల్ హిల్ దిగుతుంటే ఆకుల రంగులు బాగున్నాయట. బావ చెప్పాడు. నా కళ్లు రోడ్డు మీదే.

లిగోనియర్, లట్రోబ్, గ్రీన్స్‌బర్గ్. ట్రాఫిక్ చిక్కబడేకొద్దీ చెయ్యి బయటపెట్టి సైగలు చెయ్యడం ఎక్కువైంది. ఆ సైగల అర్థం ఎవరికీ గుర్తులేదు. ఎడమకు తిరుగుతానని చెయ్యి చాపితే ఒకావిడ నవ్వుతూ టాటా చెప్పింది.

ఇంటికి వెళ్లే ముందు పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి. 1970ల్లో కట్టారు, అమెరికాలో తొలినాళ్ల హిందూ ఆలయాల్లో ఒకటి. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల తెలుగువాళ్లు కొత్త కారు కొంటే ముందు ఇక్కడికే తెస్తారు. మొదటి గేరులో ముక్కుతూ గుడి దాకా ఎక్కించాం. పూజారిగారు కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది కొత్త బండా నాయనా?" అన్నారు. మాకు కొత్తదే స్వామీ అన్నాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు నడపమన్నారు. స్పార్కు, చోక్, కుళాయి, బటన్ అన్నీ అయ్యేదాకా ఓపిగ్గా నిలబడ్డారు.

సోమవారం, గ్యారేజీ

బావ సెలవు పెట్టాడు. చక్రాలు విప్పి, పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చని గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడిచాడు. ఆ పక్కనే కూర్చుని నిన్నా మొన్నా వాయిదా వేసిన గొడవ తేల్చుకున్నాం.

రేకు డ్రమ్ముల బదులు పోత ఇనుపవి వేస్తాం. దాని వల్ల కారు రూపం మారదు. అప్పటికీ చాలకపోతే 1939 నుంచి ఫోర్డు వాడిన హైడ్రాలిక్ బ్రేకులు పాత హాట్‌రాడ్ల వాళ్లు దీనికి అమర్చిన పద్ధతి ఉండనే ఉంది. వెనక రెండో లైటూ, ఇండికేటర్లూ పెట్టాలి, ఇందులో నాకు మరో మాట లేదు. కింగ్ పిన్లు, రేడియేటర్ ఎలాగూ తప్పవు. రంగు జోలికి వెళ్లం. తలుపు చిల్లుకు లోపలి వైపు నుంచే అతుకు. పైకప్పు కొయ్యడం గురించి బావే ఎత్తలేదు.

మిగిలింది ఓవర్‌డ్రైవ్ అనే అదనపు గేరు. అది పెడితే అదే ఇంజిన్ వేగానికి కారు ఇంకాస్త హాయిగా పరిగెడుతుంది, ఈసారి కొండలు దాటి దూరం పోవచ్చు. కానీ దాన్ని ఇరికించాలంటే గేరుపెట్టె నుంచి వెనక ఇరుసు దాకా వెళ్లే టార్క్ ట్యూబునూ, దాని లోపలి షాఫ్టునూ కోసి పొట్టి చెయ్యాలి. నేను వద్దన్నాను. బావ చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు. 48 లక్షల కార్లు చేశారు కదా, ఇంకో ట్యూబు కొని దాన్నే కోద్దాం, దీనిది నూనె రాసి అటక మీద పెడదాం అన్నాడు. దానికి నేనేం అడ్డు చెప్పను? ఓహాయోలో ఒకాయన దగ్గర షాఫ్టుతో సహా ఉందట. శనివారం పికప్‌లో వెళ్తున్నాం.